గట్టు మీద మిగిలిన బిందె

రెండువేల ఆరో సంవత్సరం జనవరి నెలాఖరున నన్ను టెక్కలి సబ్‌డివిజన్‌లో నౌపడ వైపు సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే ఒక ఏఈ చేతికింద ఉండే ఊళ్ళు, లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటిని చూసుకునే లైన్ ఇన్‌స్పెక్టర్, లైన్‌మన్లు, హెల్పర్లు. ఏఈ మీద ఏడీఈ, ఆయన మీద డీఈ, సర్కిల్ మొత్తానికీ ఎస్ఈ. పైనుంచి కిందికి ఆర్డర్లు దిగుతాయి, కిందినుంచి పైకి సంజాయిషీలు ఎక్కుతాయి. ఆ సెక్షన్‌కు ఆడమనిషి ఏఈగా రావడం అదే మొదలు. నేను చేరిన రోజున జనం ఏదో ఒక వంక పెట్టుకుని ఆఫీసులోకి వచ్చి, నన్ను చూసి, కరెంటు బిల్లు గురించి ఒక మాట అడిగి వెళ్ళారు.

మాది పలాస. జీడి బట్టీల పొగ పీల్చి పెరిగినదాన్ని. ఉప్పు గురించి నాకు తెలిసింది కూరలో వేసుకునేంత వరకే. మా లైన్ ఇన్‌స్పెక్టర్ గురువులు గారు మొదటి రోజే ఆ లోటు తీర్చారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, రూలు తప్పితే మేకు కూడా కొట్టనివ్వరు. "మేడం, ఈ సెక్షన్లో గాలి కూడా ఉప్పేనండి. సైకిలుకి తుప్పు, ఫేనుకి తుప్పు, తాళానికి తుప్పు. మనిసొక్కడే కొంచెం ఆగుతాడు" అన్నారు.

మన దేశంలో కరెంటు చరిత్ర అనగానే అందరూ పెద్ద డ్యాములూ బొగ్గు గనులూ తలుచుకుంటారు. మా వైపు చరిత్ర చాలా చిన్నది, ఇంట్లో పెద్దవాళ్ళ నోటిమాటల్లో దొరికేది. మా నాన్న చిన్నతనంలో పలాసలో స్టేషను చుట్టుపక్కలే దీపాలుండేవట. తర్వాత రైసు మిల్లులకు, జీడి ఫ్యాక్టరీలకు, ఆ తర్వాత పొలాల మోటార్లకు లైను వెళ్ళింది. నౌపడ ఉప్పు మళ్ళలోకి సముద్రపు పోటు తెచ్చే ఏటినీటిని ఏతాలతో తోడే కాలం పోయి అక్కడా మోటార్లు కూర్చున్నాయి. అన్నిటికన్నా చివర మంచినీళ్ళ ట్యాంకులు వచ్చాయి. అప్పటినుంచి కరెంటూ నీళ్ళూ ఒకే తాడుకు కట్టిన రెండు చేదలయ్యాయి, ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది.

ఉప్పు మళ్ళను ఆనుకుని ఒక పేట ఉంది. ఉప్పు పనివాళ్ళ ఇళ్ళే అన్నీ. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీరే. టెక్కలి వైపు మెట్ట మీద వేసిన బోరునుంచి పైపులో మంచినీళ్ళు వచ్చి ఆ పేట ట్యాంకు నిండాలి. పొద్దెక్కాక పొలాల మోటార్లు మొదలై వోల్టేజి పడిపోతుంది కాబట్టి బోరు మోటారును తెల్లవారుజామునే నడపాలి. ఆడవాళ్ళు ఆ వేళకే నీళ్ళు పట్టుకుని మళ్ళలోకి పోతారు. మా లైనుకు రోగం వచ్చేది కూడా సరిగ్గా ఆ వేళకే.

ఆ రోగమేమిటో చెబుతాను. కరెంటు తీగ ఇనప స్తంభాన్ని తాకకుండా మధ్యలో పింగాణీ గిన్నెలు బోర్లించినట్టు ఉండేవే ఇన్సులేటర్లు. వానాకాలంలో వాటిని వానే కడుగుతుంది. వానలు వెనకబట్టాక సముద్రపు గాలి, మళ్ళ మీద లేచే ఉప్పు ధూళి కలిసి వాటిమీద సున్నం వేసినట్టు పూత కడతాయి. ఎండలో ఆ పూత ఏమీ చెయ్యదు. మాఘమాసం మంచు దాన్ని తడిపిందంటే మాత్రం కరెంటు దానిమీదుగా పాకడం మొదలుపెడుతుంది. ముందు చిటపట చప్పుడు, తర్వాత నీలం మెరుపు, ఆ తర్వాత టెక్కలి సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోవడం. దీన్నే ట్రిప్పింగ్ అంటాం. పొద్దెక్కి మంచు ఆరాక లైను ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. మనం స్తంభం కింద నిలబడి చూస్తే అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడంత బుద్ధిగా ఉంటుంది.

మాఘమాసం సగం గడిచేసరికి ఇది రోజూ జరిగే తంతు అయింది. పేట ట్యాంకు వరసగా కొన్నాళ్ళు నిండలేదు. ఉప్పు మళ్ళ యజమానులు ఏడీఈ గారికి ఫోన్లు చేశారు. పేటవాళ్ళకు ఫోన్ చేయడానికి ఎవరూ లేరు. చివరికి సర్కిల్ ఆఫీసు నుంచి ఒక ఆదివారం షట్‌డౌన్ మంజూరైంది. పొద్దున లైను ఆపి, మళ్ళ పొడుగునా ఉన్న ఇన్సులేటర్లన్నీ కడిగి, సాయంత్రం పొద్దువాలే లోపల తిరిగి ఇవ్వాలి. పిల్లల పరీక్షలు దగ్గరపడ్డాయి గనక అవి ముగిసేదాకా ఇంకో షట్‌డౌన్ మాట ఎత్తవద్దని ఏడీఈ గారు ముందే చెప్పేశారు. అంటే ఆ ఒక్క రోజు తప్పితే ఎండాకాలం వచ్చి మంచు విడిచేదాకా ఆ పేటకు నీళ్ళ గోస తప్పదు.

కడగడానికి మంచినీళ్ళే కావాలి. ఉప్పునీళ్ళతో కడిగితే ఆరాక మళ్ళీ ఉప్పే మిగులుతుంది. నందిగాం దగ్గర ఒక తోట బావిలో ట్యాంకరు నింపించి, దానికి పంపు బిగించి, పొద్దున్నే బయలుదేరదీశాం. నేను ముందుగా వెళ్ళి లైన్ క్లియర్ తీసుకున్నాను. ఎల్సీ అంటాం. సబ్‌స్టేషన్ ఆపరేటరు బ్రేకరు తెరిచి, స్విచ్చికి తాళం వేసి, 'మనుషులు పనిలో ఉన్నారు' అనే బోర్డు తగిలించి, ఎల్సీ నంబరు చెబుతాడు. మేము పని జరిగే చోటుకు రెండువైపులా, పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా, తీగలకు ఎర్తు రాడ్లు తగిలిస్తాం. అప్పుడే మనిషి స్తంభమెక్కాలి. ఎల్సీ ఎవరి పేరున తీసుకుంటే వాళ్ళే తిరిగి ఇవ్వాలి. ఒకసారి తిరిగి ఇచ్చారంటే ఆపరేటరు కరెంటు వదిలేస్తాడు, ఇంకేమీ అడగడు. అందుకే మా శాఖలో ఆ మాట అనేముందు ఎంతటివాడైనా ఒక్క క్షణం ఆగుతాడు.

రాడ్లు తగిలించడం అయింది. ట్యాంకరు మాత్రం పేట మలుపు దగ్గర ఆగిపోయింది. వెళ్ళి చూస్తే గట్టు రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు, వాటి వెనక ఆడవాళ్ళు. ముందు కూర్చున్నది దాలమ్మ, మళ్ళలో ఆడకూలీలకు మేస్త్రి. ఆమె నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసింది.

"ఏటమ్మా, ఆ ట్యాంకరులో ఉన్నవి మంచినీల్లేనా?"

అవునన్నాను.

"ఎవలికి?"

గురువులు గారు ఉన్నమాట చెప్పేశారు, స్తంభాలకని.

"తంబాలకి దాహమేసిందేటి?" అంది దాలమ్మ. వెనక ఎవరూ నవ్వలేదు. "మా పిల్లలు ఉప్పు కలిసిన నీల్లు తాగి వాంతులు సేసుకుంతంటే, మా గుమ్మాల ముందునించి మంచినీల్లు తీసుకెల్లి పింగాణీ గిన్నెలకి తానం సేయిత్తారా?"

నేను ఓపికగా చెప్పాను. ఈ నీళ్ళు మీ కోసమే, ఈ గిన్నెలు కడిగితే కరెంటు నిలబడుతుంది, కరెంటు నిలబడితే మోటారు నడుస్తుంది, రేపు మీ ట్యాంకు నిండుతుంది అని. మాటలో తప్పేమీ లేదు.

"రేపటి మాట సెప్తన్నావు. ఈ పూట ఎసట్లోకి నా దగ్గర ఏటున్నాది?" అంది ఆమె. ఆ మాటలోనూ తప్పేమీ లేదు.

పోలీసులకు ఫోన్ చేద్దామా మేడం అని ట్యాంకరు డ్రైవరు అడిగాడు. ఖాళీ బిందెల మీదికి పోలీసులను పిలిచిన ఇంజనీరమ్మగా పేరు తెచ్చుకోవాలని నాకు లేదు. కానీ ఎల్సీ నా పేరున ఉంది, పొద్దు పైకి వస్తోంది. నీళ్ళు వాళ్ళకు పోస్తే లైను కడగలేను. లైను కడిగితే ఈ పూట వాళ్ళ గొంతులు ఎండుతాయి. చెప్పొద్దూ, నాకు గట్టిగా ఏడుపొచ్చింది, మీద యూనిఫారం లేకపోయినా ఉన్నట్టే నిలబడ్డాను.

ఇన్సులేటర్లు బాగుచేయడానికి ఇంకో పద్ధతి ఉందని శాఖలో అందరికీ తెలుసు. లైన్‌మన్ ఎక్కి తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తాడు. నీళ్ళు కొన్ని డ్రమ్ములతో సరిపోతాయి. చేతులు మాత్రం చాలా కావాలి. గుడ్డ ఒకసారి తుడిస్తే ఉప్పుతో బిరుసెక్కుతుంది. దాన్ని కిందికి దించి, జాడించి, పిండి, మళ్ళీ తాడు మీద పైకి పంపాలి. ఉన్న మనుషులందరూ స్తంభాలెక్కితే కింద చేసేవాళ్ళు ఉండరనే మేము ఆ పద్ధతి వదిలి ట్యాంకరు తెచ్చాం.

మళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. పని దిగాక ముందు ఏటినీటిలో కాళ్ళూ చేతులూ కడుక్కుంటారు. చివర ఒక చెంబు మంచినీళ్ళలో గుడ్డ తడిపి ఒళ్ళంతా తుడుచుకుంటారు. లేకపోతే వేళ్ళ మధ్య పగుళ్ళు రాత్రంతా మండుతాయి. దాలమ్మ ఆ మాటే ఎత్తింది. "మావు ఒంటికే సెంబుడు మంచినీల్లతో సరిపెట్టుకుంతన్నాం. మీ గిన్నెలకి తడిగుడ్డ సాలదా?"

చాలు, కానీ పిండేవాళ్ళు లేరు, చేతులు తక్కువగా ఉన్నాయన్నాను.

"సేతులకేటి కరువు? నీల్లకే కరువు" అంది దాలమ్మ, లేచి నిలబడి.

బేరం అక్కడే కుదిరింది. తుడవడానికి కావలసిన డ్రమ్ములు పక్కన పెట్టి, మిగిలిన ట్యాంకరంతా పేటకు. అందుకు బదులు ఇంటికొక ఆడమనిషి మాతో పనిలోకి. తుడవడానికి పాత నూలు చీరలు కూడా వాళ్ళే తెస్తారు.

గురువులు గారి ముఖం మాడిపోయింది. శాఖవాళ్ళు కానివాళ్ళు లైను కింద పనిచేయడం ఏ రూలులో ఉందని అడిగారు. ఏ రూలులోనూ లేదు. ఏడీఈ గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన, ఎల్సీ నీ పేరున ఉంది, పూచీ కూడా నీదే అన్నారు. వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టే తీసుకున్నాను. లైన్‌మన్ పిలిస్తే తప్ప స్తంభం దగ్గరికి ఎవరూ రాకూడదని, ఏ తీగనూ ముట్టకూడదని అందరికీ చెప్పించాను.

ఇక సాయంత్రం ఇంతమందీ లైను కింది నుంచి బయటికి వచ్చారని తెలిసేదెలా? దీనికి దాలమ్మ దగ్గర తయారుగా ఒక ఏర్పాటుంది. మళ్ళలోకి దిగేముందు ప్రతి మనిషీ తన అంబలి దుత్త గట్టు మీద వరసలో పెట్టి దిగుతుంది. సాయంత్రం ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. వరసలో దుత్త మిగిలిందంటే మనిషి ఇంకా మళ్ళలో ఉన్నట్టే. ఈ రోజు దుత్తలకు బదులు బిందెలు పెడదామంది. నీళ్ళు పోసిన బిందెలు గట్టు మీదే ఉంటాయి, పని ముగిసి బయటికి వచ్చినవాళ్ళు తమది ఎత్తుకోవాలి. ఇది విన్నాక గురువులు గారి నొసలు కొంచెం సడలాయి. మా తాళం, మా బోర్డు ఎలాంటివో ఇదీ అలాంటిదే కదా మేడం అన్నారు.

ఆ పూట పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు హాయిగా ఉంటుంది. మా లైన్‌మన్ యోహాను టెక్కలి బాప్టిస్టు సంఘం మనిషి, ఆదివారం గుడి మానేసి వచ్చానన్న బెంగతో స్తంభం మీదే కీర్తనలు కూనిరాగం తీస్తున్నాడు. కింద ఆడవాళ్ళు రెండు తొట్లు పెట్టుకుని, ఒకదాంట్లో ఉప్పు వదిలించి రెండోదాంట్లో జాడించి పిండుతున్నారు. మెత్తటి నూలు చీరల ముక్కలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో తాళ్ళ మీద పైకీ కిందికీ తిరుగుతున్నాయి.

"దాలమ్మత్తా, గుడ్డ ఇంకొంచెం గట్టిగా పిండు, నీల్లు నా సంకలోకి కారతన్నాయి" అని యోహాను పైనుంచి అరిచాడు.

"ఆ మాట ఇంటికెల్లి మీ ఆవిడికి సెప్పు అల్లుడా, గట్టిగా పిండుతాది" అంది ఆమె. మధ్యాహ్నం వాళ్ళ చోడి అంబలి, అదే రాగి జావ, మాకూ తలా కాస్త పోశారు. నేను కూడా కొంగు దోపి తొట్టి దగ్గర కూర్చున్నాను. ఏఈ గుడ్డలు ఉతకడం పద్ధతి కాదని గురువులు గారు మొహం పక్కకు తిప్పుకుని, కాసేపటికి తనే తాడు పట్టుకున్నారు.

పొద్దు వాలకముందే చివరి స్తంభం పూర్తయింది. రాడ్లు విప్పించాను. యోహానుతో సహా మావాళ్ళందరూ వచ్చి నా ముందు నిలబడ్డారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే గట్టు ఎక్కి బిందె చంకనెత్తుకుని పేటదారి పట్టారు. నేను ఫోన్ తీశాను. ఆపరేటరు నంబరు నొక్కబోతూ గట్టు వైపు చూశాను.

ఒక బిందె మిగిలింది. ఇత్తడిది, నిండుగా ఉంది.

వెళ్ళేవాళ్ళను ఆపి ఎవరిదని అడిగాను. మాది కాదన్నారు. దాలమ్మ ఏదీ అన్నాను. చివరి స్తంభం దగ్గర పడిపోయిన గుడ్డలు ఏరుతూ ఉండగా చూశానని ఒకామె అంది. ఆ స్తంభం ఏటి పాయకు అవతల, మలుపులో ఉంది, ఇక్కడికి కనబడదు. గురువులు గారు అప్పటికే మోపెడ్ స్టార్ట్ చేశారు. యోహాను గట్టు వెంట పరుగెత్తాడు. స్తంభానికి ఆనుకుని నిలబడిందేమో, గుడ్డ పీలిక తీగకు చిక్కుకుంటే అందుకోబోతోందేమో అని నా బుర్ర ఏవేవో చూపిస్తోంది.

ఫోన్ మోగింది. ఆపరేటరు. "మేడం, రిటర్న్ ఇచ్చేత్తారా? టైమైపోయింది." ఇంకా లేదన్నాను. మరి కాసేపటికి ఏడీఈ గారు. ఏమ్మా, ఒక బిందె కోసం ఫీడరు లైను మొత్తం ఆపుతావా అని విసుక్కున్నారు. అవును సార్ అన్నాను.

గురువులు గారూ యోహానూ ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. అవతల ఎవరూ లేరు. నేను అందరినీ మళ్ళీ ఒకసారి లెక్కపెట్టబోతుంటే, పేట వైపునుంచి దాలమ్మ నింపాదిగా నడిచి వస్తోంది, తలమీద తడిగుడ్డ వేసుకుని.

"నీ బిందె ఇక్కడ వదిలేసి ఎక్కడికి పోయావు?" అని అరిచినట్టే అడిగాను. ఉద్యోగంలో నేను గొంతు పెంచింది చాలా తక్కువ.

ఆమె నిలబడిపోయింది. "నా బిందె నానే అట్టుకెల్లినాను కదమ్మా. ఇంటికాడ దించి, ట్యాంకరు నీల్లు అందరికీ అందినాయా నేదా అని సూసొత్తన్నాను."

"మరి ఇదెవరిది?"

"అది నీది" అంది దాలమ్మ. "మద్దేనం పెట్టినాను. తొట్టికాడ మాతో కూకుని పిండినావు కదా. పన్లోకి దిగినోలందరికీ గట్టు మీద ఒకటుంటాది."

నా కోపం సగంలో ఆగిపోయింది. పొద్దున ఎసరుకు నీళ్ళు లేవని రోడ్డు మీద కూర్చున్న మనిషి, నాకోసం ఒక బిందె పక్కన పెట్టింది. ఆ నీళ్ళు ఇంటికి తీసుకుపోవడం ఎలాగూ కుదరదు, వద్దంటే ఆమెను చిన్నబుచ్చినట్టవుతుంది. దోసిలి పట్టాను, ఆమే వంచి పోసింది. నా పెదాలు అప్పటికి ఉప్పు కట్టి ఉన్నాయి. యోహానూ, హెల్పర్లూ, గురువులు గారూ అందరం అదే బిందెలో తాగాం. మిగిలిన నీళ్ళతో గుడ్డ తడిపి ఆమె నా చేతులు తుడిచింది, వేళ్ళ మధ్యన కూడా. ఖాళీ బిందె చంకనెత్తుకుని నేను గట్టు దిగాను. అప్పుడు ఆపరేటరుకు ఫోన్ చేసి ఎల్సీ తిరిగి ఇచ్చాను.

మర్నాడు తెల్లవారుజామున మంచు దట్టంగా పడింది. నేను గురువులు గారితో కలిసి మళ్ళ గట్టు మీద స్తంభం కింద నిలబడి చెవులు రిక్కించి విన్నాను. చిటపట లేదు. పేటలో కొళాయి దగ్గర బిందెల చప్పుడు మాత్రం వినబడింది.

ఇప్పుడు ఆ లైను మీద పింగాణీ తీసేసి, ఉప్పు అంతగా పట్టని పాలిమర్ ఇన్సులేటర్లు వేశారు. తడిగుడ్డలతో పని లేదు. పదవీ విరమణ తర్వాత టెక్కలి నుంచి నౌపడ మీదుగా పలాస వెళ్ళే బస్సులో కూర్చున్నప్పుడల్లా ఆ కొత్తవాటిని చూస్తాను, మంచివేనని ఒప్పుకుంటాను, కానీ నా కళ్ళు ఇంకా ఆ పాత తెల్లగిన్నెల కోసం వెతుకుతాయి. గురువులు గారు ఇప్పుడు లేరు. దాలమ్మ ఇచ్చిన బిందె మర్నాడే తిరిగి పంపించాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఒకటే. ఎల్సీ తీసుకున్నవాళ్ళ లెక్క స్తంభాలు ఎక్కినవాళ్ళతో ముగిసిపోకూడదు. పనిలో చెయ్యి వేసిన ప్రతి మనిషీ ఆ లెక్కలోకి రావాలి, లెక్కపెట్టేవాళ్ళతో సహా. ఆ రోజు నేను నన్ను తప్ప అందరినీ లెక్కపెట్టాను. తర్వాత సర్వీసంతా, లైను తిరిగి ఇచ్చే ముందు అందరి పేర్లూ పైకి చదివి చివర నా పేరు కూడా చెప్పేదాన్ని. కొత్త హెల్పర్లు నవ్వుకునేవారు. నేను మానలేదు.